నాన్నగారి హెరాల్డ్‌కు ఏ బల్బు పెట్టాలి?

పేరు ప్రచురించవద్దని కోరిన ఒక చెన్నై పాఠకుడి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. పూర్వీకులది నెల్లూరు, తాతల నాడే మద్రాసు చేరి స్థిరపడిన కుటుంబం. తండ్రి 1966లో కొత్తగా కొన్న రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ కారు, ఆయన పోయాక చాలాకాలం షెడ్డులో మూలనపడి ఉంది. రిటైర్మెంటు డబ్బులో కొంత ఖర్చుపెట్టి ఈయన దానికి మళ్లీ ప్రాణం పోశారు. ఇంజను, బాడీ, పెయింటు, సీట్లు అన్నీ పూర్తయ్యాయి. మిగిలింది దీపాలు. ఇంట్లో గొడవ మొదలైందీ అక్కడే.

పాత బల్బులతో రాత్రి బయలుదేరితే గుంతలో పడ్డాకే గుంత కనిపిస్తోందట. ఇంజనీరైన కొడుకు సెలవుల్లో వచ్చి, తండ్రి ఊళ్లో లేని రోజు చూసి, ఇంగ్లండు నుంచి తెప్పించిన ఎల్‌ఈడీ బల్బులను కారు మొత్తానికీ బిగించాడు. తండ్రి సంతోషిస్తాడనుకున్నాడు. ఆ వారమే నెల్లూరులో అక్కగారింటికి వెళ్లి రాత్రి తిరిగి వస్తుంటే, నాయుడుపేట దాటిన దగ్గర నుంచి ఎదురొచ్చిన లారీలన్నీ లైట్లు కొట్టి కొట్టి తిట్టాయి. ఇండికేటరు మినుకుమనకుండా నీరసంగా వెలిగి అలాగే ఉండిపోయింది. డాష్‌బోర్డులోని ఛార్జింగు ఎర్రదీపం ఇంజను ఎంత వేగంగా తిరిగినా పూర్తిగా ఆరలేదు. ఇల్లు చేరగానే ఈయన బల్బులన్నీ పీకేసి, బంధువులందరి ముందూ ‘తాతయ్య వస్తువు మీద చెయ్యి వేసే హక్కు నీకెవరిచ్చారు’ అన్నారు. అప్పటి నుంచి కొడుకు ఫోను చేస్తే తల్లితో మాట్లాడి పెట్టేస్తున్నాడు.

నెల్లూరు బావగారు పాత కార్ల ప్రదర్శనలన్నీ తిరిగే మనిషి. ఫ్యాక్టరీ నుంచి ఏ బల్బుతో వచ్చిందో అదే ఉండాలి, లేకపోతే పదిమందిలో పరువు పోతుంది, వింటేజ్ రిజిస్ట్రేషను కూడా ఇవ్వరు అని ఆయన వాదన. పుదుపేట ఎలక్ట్రీషియనేమో ఈ పాత హెడ్‌లైటు డొప్పలు తీసి పారేసి, కొత్తవి బిగించి, 100/90 వాట్ల (బ్రైటుకు 100, డిప్పుకు 90) హాలోజెన్ పెడితే రాత్రి పగలైపోతుందంటున్నాడు. మాఘమాసంలో నెల్లూరులో కూతురి పెళ్లి. పెళ్లికూతురిగా తాతయ్య కారులోనే మండపానికి వస్తానని ఆమె పట్టు. చీకటి పడ్డాక ఆ కారు ఎక్కేది లేదని భార్య పట్టు. ఏ బల్బు పెట్టాలి, బావగారు చెప్పింది నిజమేనా, అబ్బాయితో ఏమని మాట్లాడాలి అని మూడు ప్రశ్నలు అడిగారు.

* * *

అయ్యా, మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం బల్బుల గురించి కాదు. ‘ముందు బంపరు మీద ఉన్న పసుపు ఫాగ్ లైటు నాన్నగారు 1975 ప్రాంతంలో మౌంట్ రోడ్డులో కొని బిగించుకున్నారు, దాన్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వను’ అని మధ్యలో ఎక్కడో రాశారు. ఈ మాట బావగారితో అన్నారా? ఆయన లెక్క ప్రకారం అయితే ముందు ఊడవలసింది ఆ ఫాగ్ లైటే.

అంటే మీ ఇంట్లో ముగ్గురు ఒకే కారు నుంచి మూడు వేర్వేరు సంవత్సరాలు కోరుతున్నారు. బావగారికి ఫ్యాక్టరీ గేటు దాటిన 1966 నాటి కారు కావాలి. మీకు నాన్నగారు పదేళ్లు నడిపి, తన అవసరానికి తగ్గట్టు దిద్దుకున్న కారు కావాలి. మీ అబ్బాయికి ఈ రాత్రి హైవే మీద మిమ్మల్ని క్షేమంగా ఇల్లు చేర్చే కారు కావాలి. ముగ్గురిలో ఎవరినీ తప్పుపట్టలేను. కానీ ఏ సంవత్సరం అన్నది తేలకుండా బల్బు గురించి వాదించుకుంటే వాదన ఎన్నటికీ తెగదు. బావగారి దారిలో వెళితే ప్రదర్శనలో నిలబడుతుంది, ఫాగ్ లైటు అటక ఎక్కుతుంది. మీ దారిలో వెళితే న్యాయనిర్ణేతలు నాలుగు మార్కులు కోస్తారు, ఫాగ్ లైటు ఉంటుంది. నన్నడిగితే ఇది మీ నాన్నగారి కారుగానే ఉండాలంటాను. ఫ్యాక్టరీ రోజున ఎలా ఉందో చూసినవాళ్లు మీ ఇంట్లో ఎవరూ లేరు, ఫాగ్ లైటు వెలుగులో నాన్నగారి పక్కన కూర్చున్నది మీరు. అయితే నిర్ణయం మీది, మీ అక్కగారిది కూడా. ఆమె అభిప్రాయం ఏమిటో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

ఇక బల్బు. కొనే ముందు ఒక పరీక్ష చేయాలి, ఎందుకంటే మీ వెలుగును తినేస్తున్నది బల్బు కాదేమోనని నా అనుమానం.

ఫిలమెంటు బల్బు వోల్టేజి విషయంలో మహా సుకుమారం. అందవలసిన వోల్టేజిలో 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. 20 శాతం తగ్గిందా, సగానికి పైగా వెలుగు పోయినట్టే. హెరాల్డులో కరెంటు బ్యాటరీ నుంచి బయలుదేరి లైటు స్విచ్చి, డిప్ స్విచ్చి, దారిలోని జాయింట్లన్నీ దాటుకుని గానీ బల్బును చేరదు. మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి, లేదు. అరవై ఏళ్ల నాటి స్విచ్చి లోపలి రేకులు ఎంత నల్లబడి ఉంటాయో ఊహించుకోండి. పైగా ఈ కారు బానెట్ అందరి బానెట్ లాంటిది కాదు. ఫెండర్లతో, హెడ్‌లైట్లతో సహా ముక్కు మొత్తం ఒక్క ముక్కగా ముందుకు వాలుతుంది. ఇంజను మీద పనిచేసేవాడికి అది వరం, హెడ్‌లైటు తీగలకు శాపం. తెరిచి మూసిన ప్రతిసారీ ఆ తీగలు వంగుతాయి.

బానెట్ ఎత్తి, ముందు భాగంలో తీగలు కలిసే చోట చూడండి. నల్ల రబ్బరు తొడుగు ఉన్న చిన్న గొట్టంలోకి రెండు వైపుల నుంచీ గుండు మొనలు దూరి ఉంటాయి. ఒకదాన్ని మెలితిప్పుతూ లాగితే మొన మీద పచ్చని చిలుము, గొట్టం లోపలి రేకు మీద నల్లని పొర కనిపించే అవకాశం ఎక్కువ. తర్వాత నల్ల తీగ ఎక్కడికి వెళ్తోందో చూడండి, అది ఎర్త్. బాడీకి కొత్త పెయింటు వేయించానని చాలా సంతోషంగా రాశారు. పెయింటరు ఎర్త్ స్క్రూ కింది రేకు మీద కూడా శ్రద్ధగా నాలుగు కోట్లు వేసి ఉంటాడు. బాగా పునరుద్ధరించిన కార్లలో దీపాలు వెనకటి కన్నా మసకబారడానికి ఇది ముఖ్య కారణం. కరెంటుకు తిరిగి వెళ్లే దారి ఉండదు, పెయింటు మాత్రం అద్దంలా మెరుస్తుంటుంది.

పరీక్ష ఇలా. ఇంజను నడుస్తూ ఉండగా యాక్సిలరేటరు కాస్త నొక్కించి హెడ్‌లైట్లు వేయించండి. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ముందు బ్యాటరీ రెండు మొనల మధ్య ఎంత ఉందో రాసుకోండి. తర్వాత బల్బు వెనక, దీపం వెలుగుతుండగానే, సప్లయికీ ఎర్త్‌కూ మధ్య చూడండి. రెండింటి తేడా అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో దొంగ ఉన్నాడు. వాడు ఎటువైపు ఉన్నాడో కూడా మీటరే చెబుతుంది. బ్యాటరీ సప్లయి మొన నుంచి బల్బు సప్లయి వరకు ఒకసారి, బల్బు ఎర్త్ నుంచి బ్యాటరీ ఎర్త్ మొన వరకు ఇంకోసారి కొలిస్తే ఎక్కువ పోతున్న వైపు బయటపడుతుంది. మధ్యలో ఎవరూ తీగలు మార్చకుండా ఉంటే, ఆ కాలపు బ్రిటిష్ కార్లకు దీపాలు, డైనమోలు చేసిన లూకాస్ కంపెనీ పద్ధతిలో నీలం మీద తెల్ల చార ఉన్నది బ్రైటు, నీలం మీద ఎర్ర చార ఉన్నది డిప్పు.

మరమ్మతు ఖరీదైనది కాదు. మొనలు శుభ్రం చేసి గొట్టాలు కొత్తవి వేయడం, ఎర్త్ స్క్రూ కింద పెయింటు గీకి మెరిసే ఇనుము కనబడేలా బిగించడం, ఒక్కో హెడ్‌లైటు నుంచి బాడీకి అదనంగా ఒక నల్ల తీగ లాగడం. అంతటితో చాలకపోతే బ్రైటుకు ఒకటి, డిప్పుకు ఒకటి రిలే పెట్టించి, బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు ద్వారా లావు తీగ ఇప్పించండి. అప్పుడు పాత స్విచ్చి మీద భారం ఉండదు, అది రిలేను పిలిస్తే చాలు. ఇంజను గది మూలలో కనబడకుండా బిగించి, పాత తీగలు కోయకుండా ఉంచితే రేపు తీసేసినా కారుకు గీత పడదు. బావగారికి ఇదీ నచ్చకపోవచ్చు. కానీ ఆ తరం కార్లలో హెడ్‌లైటు తీగకు ఫ్యూజు ఉండటమే అరుదు, రిలేతో పాటు ఫ్యూజు కూడా వచ్చి చేరుతుంది. పెళ్లికూతురు కూర్చునే కారులో తీగలు కాలకుండా ఉండటం ఎవరికైనా నచ్చవలసిన మార్పు.

రెండోది రిఫ్లెక్టరు. లోపలి పుటాకారపు రేకు మసకబారి ఉంటే ఏ బల్బు పెట్టినా దండగ. దాన్ని ఇత్తడి పాలిషుతో రుద్దమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. ఆ పూత చాలా పలచన, గుడ్డతో గట్టిగా తుడిస్తేనే లేచిపోతుంది. మళ్లీ పూత వేయించాలి, లేదా అదే కొలతలో మంచి రిఫ్లెక్టరు వెతకాలి. అందుకే మీ ఎలక్ట్రీషియను ‘పారేద్దాం’ అన్న డొప్పలు ఎలా ఉన్నా సరే ఇంటికి తెచ్చుకోండి. పుదుపేటలో ఒకసారి కుప్పలోకి వెళ్లిన వస్తువు మళ్లీ మీ చేతికి రాదు.

ఇప్పుడు మీ బల్బు. నడుమున గుండ్రటి రేకు పళ్లెం, దానికి ఒక గాటు, వెనక నుంచి నొక్కి తిప్పే మూత అని రాశారు. ఇది బ్రిటిష్ ప్రీ ఫోకస్ రకం. వెనక మూడు రేకులు పొడుచుకు వచ్చి, వాటి మీద ప్లగ్గు దూర్చే రకం వేరు, అది ఇందులో పట్టదు. గాటు ఎందుకంటే ఫిలమెంటు రిఫ్లెక్టరులో ఒకే ఒక్క చోట, ఒకే కోణంలో కూర్చోవాలి. ఇందులో డిప్పు ఎడమకు వాలేవి, కుడికి వాలేవి, నిటారుగా కిందికి దిగేవి వేర్వేరుగా తయారుచేశారు. కుడి పక్కన నడిపే దేశాల కోసం చేసినది తెలియక తెప్పిస్తే, మీరు డిప్పు వేసిన ప్రతిసారీ వెలుగు ఎదుటివాడి కళ్లలోకి వాలుతుంది. మన రోడ్లకు ఎడమ డిప్పు కావాలి. లూకాస్ 354 అన్న సంఖ్య 12 వోల్టుల, 42/36 వాట్ల ఎడమ డిప్పుది. 50/40 వాట్లది 414.

ఈ మామూలు టంగ్‌స్టన్ బల్బు మొదటి దారి. 1966కు నూటికి నూరు పాళ్లు సరిపోతుంది, వెలుగు వెచ్చని పసుపు, డైనమో మీద భారం లేదు. తీగలు, రిఫ్లెక్టరు బాగుచేశాక ఇది ఇచ్చే వెలుగు చూసి మీరే ఆశ్చర్యపోతారు. కానీ గంటకు అరవై కిలోమీటర్లు మించి రాత్రి నడిపేవారికి చాలదు. పుదుపేటలోనో, జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనో అట్టపెట్టెలో పాత సరుకు దొరికితే గాజు లోపల తెల్లని బూడిద పొర ఉందేమో చూడండి. ఉంటే గాలి చొరబడిందని అర్థం, వెలిగించిన క్షణంలో పోతుంది. నల్లగా ఉంటే బాగా వాడేసినది. దుకాణంలోనే బ్యాటరీ పెట్టి రెండు ఫిలమెంట్లూ వెలిగించి చూపించమనండి.

రెండో దారి, అదే పళ్లెం ఉన్న హాలోజెన్, 60/55 వాట్లు. చరిత్ర ప్రకారం ఇది తప్పు. హాలోజెన్ 1962లోనే ఐరోపా కార్లలోకి వచ్చినా అది ఒకే ఫిలమెంటు ఉన్న హెచ్1. బ్రైటు, డిప్పు రెండూ ఒకే బల్బులో ఉన్న హెచ్4 వచ్చింది 1971లో. కానీ దీపం ఆర్పి ఉన్నప్పుడు అద్దం వెనక ఏముందో బావగారు కూడా కనిపెట్టలేరు, వెలిగిస్తే కాస్త తెల్లగా ఉంటుంది, అంతే. గాజును వేళ్లతో ముట్టుకోకుండా బిగించాలి, చేతి జిడ్డు అంటితే తొందరగా పోతుంది. వేడి ఎక్కువ కాబట్టి రిలే లేకుండా పెట్టవద్దు. లెక్క చూద్దాం. ఆ తరంలో వచ్చిన లూకాస్ సి40 డైనమో ఇచ్చేది మహా అయితే 22 ఆంపియర్లు. రెండు హెడ్‌లైట్లకు 120 వాట్లు, వెనక దీపాలు, నంబరు ప్లేటు, మీటర్ల దీపాలు కలిపి మరో ముప్పై, మొత్తం పన్నెండున్నర ఆంపియర్లు. ఇగ్నిషను, వైపర్లు కలిపి ఇంకో ఆరు. వానలో కూడా గట్టెక్కుతుంది, కానీ సిగ్నలు దగ్గర ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో ఏమీ ఇవ్వదు, బ్యాటరీ నుంచే పోతుంది.

ఈ లెక్క తెలిశాక 100/90 సంగతి వేరే చెప్పాలా? హెడ్‌లైట్లకే దాదాపు పదిహేడు ఆంపియర్లు. ముందు స్విచ్చి వేడెక్కుతుంది, తర్వాత తీగ మీది తొడుగు మెత్తబడుతుంది, ఆ తర్వాత వాసన వస్తుంది. అది మాత్రం పెట్టవద్దు.

హెడ్‌లైటులో ఎల్‌ఈడీ ఎందుకు కుదరలేదో మీ అబ్బాయికి తెలియాలి కాబట్టి చెబుతున్నాను. ఆ రిఫ్లెక్టరు, ముందు అద్దం మీది గీతలు, అన్నీ ఒక సన్నని ఫిలమెంటు ఫలానా చోట ఉంటుందని లెక్కకట్టి చేసినవి. ఎల్‌ఈడీలో వెలుగు రెండు పక్కల అతికించిన బిళ్లల నుంచి వస్తుంది. రిఫ్లెక్టరు దాన్ని రోడ్డు మీద పరచలేదు, లారీ డ్రైవరు ముఖం మీద వెదజల్లుతుంది. లోపల కూర్చున్న మీకు మాత్రం ముందంతా తెల్లగా కనబడి బాగుందనిపిస్తుంది. నాయుడుపేట దగ్గర జరిగింది అదే.

ఇండికేటరు సంగతీ అంతే. ఇండికేటరును మినుకుమనిపించే పాత ఫ్లాషరు లోపల ఒక తీగ వేడెక్కి సాగితేనే దీపం వెలిగి ఆరుతుంది. దానికి 21 వాట్ల బల్బులు రెండు, అంటే 42 వాట్ల భారం ఉండాలి. ఎల్‌ఈడీ తీసుకునే పిసరంత కరెంటుకు ఆ తీగ వేడెక్కదు. ఎల్‌ఈడీయే కావాలంటే ఫ్లాషరు కూడా ఎలక్ట్రానిక్‌ది మార్చాలి, అప్పుడు ఆ పాత టిక్కు టిక్కు పోతుంది. దీని కోసం అంత అవసరం లేదు, 382 సంఖ్య ఉన్న 21 వాట్ల బల్బులే పెట్టేయండి. ఛార్జింగు దీపానికి 2.2 వాట్ల 987 తప్ప వేరే ఆలోచన వద్దు. దానికి ఒక పక్క ఇగ్నిషను, మరో పక్క డైనమో. రెండు పక్కలా వోల్టేజి సమానమైతే ఆరుతుంది. కొద్దిపాటి తేడాను ఫిలమెంటు పట్టించుకోదు, ఎల్‌ఈడీ పట్టించుకుని మిణుకుమంటుంది. మీ డైనమోకు ఏమీ కాలేదు, కంగారుపడవద్దు.

కానీ కారు వెనక వైపు మీ అబ్బాయి చేసింది ఒప్పు, ఇది మీకు రుచించకపోయినా చెప్పాలి. మీరు ఎదురుగా ఉన్న గుంత గురించి దిగులుపడుతున్నారు. నాకు వెనక నుంచి వంద మీద వచ్చే ట్యాంకరు గురించి దిగులు. హెరాల్డు వెనక దీపాలు చిన్నవి, బ్రేకు వేస్తే 21 వాట్ల ఫిలమెంటు నిదానంగా వెలుగుతుంది. అక్కడ ఎల్‌ఈడీ తక్షణం వెలుగుతుంది, కరెంటూ తక్కువే, రిఫ్లెక్టరు లెక్కల గొడవ కూడా పెద్దగా లేదు. ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే వెలుగు సగం వృథా అవుతుంది, ఎర్రదే పెట్టాలి. ఆ తరం బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ మొనను బాడీకి కలిపేవారు. మీ కారులో ఏ మొన బాడీకి ఉందో చూసి దానికి తగినది కొనాలి, ఫిలమెంటుకు ఈ పట్టింపు లేదు గానీ ఎల్‌ఈడీకి ఉంది. వెలిగినప్పుడు అద్దంలోంచి చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, అది దీని లోపం. అది మీ మనసుకు గుచ్చుకుంటే, వెనక దీపం, బ్రేకు దీపం రెండూ ఒకే గాజులో ఉండే 380 సంఖ్య బల్బులు కొత్తవి వేసి, హోల్డర్లు గీకి, దీపం డొప్ప లోపల తెల్ల పెయింటు కొట్టించి, వెనక అద్దం లోపలి నుంచి తీసిపెట్టగలిగే ఎర్ర ఎల్‌ఈడీ పట్టీ ఒకటి బ్రేకుకు కలిపించండి. ప్రదర్శన రోజున ఊడదీస్తే ఆనవాలు కూడా మిగలదు. నాకు ఇదే బాగా నచ్చుతుంది.

రిజిస్ట్రేషను గురించి బావగారు చెప్పింది సగమే నిజం. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు లేని వాహనం వింటేజ్ కిందికి వస్తుంది. మీ కారుకు వయసు చాలు. అక్కడ బల్బుల ప్రస్తావన లేదు. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషను తీసుకుంటే రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. అసలు చిక్కు బావగారు చెప్పని చోట ఉంది. ఆ నంబరు వచ్చాక కారును ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు, మరమ్మతులకు తప్ప రోడ్డు మీద తిప్పకూడదు. పెళ్లికూతురిని మండపానికి తీసుకెళ్లడం ఆ జాబితాలో లేదు. మామూలు ఆర్‌సీ, ఫిట్‌నెస్ చెల్లుబాటులో ఉంటే పెళ్లయ్యే దాకా ఆ మాట ఎత్తకండి. తర్వాత కారును ఎంత తిప్పాలనుకుంటున్నారో చూసుకుని తేల్చుకోవచ్చు.

అబ్బాయి విషయంలో మీ ముందు మూడు మార్గాలున్నాయి. పెళ్లి దాకా ఆగితే అతను తప్పకుండా వస్తాడు, చెల్లెలి పెళ్లి కదా, కానీ చుట్టంలా వచ్చి వెళతాడు, కారు దగ్గరికి రాడు. జరిగినది ఎత్తకుండా ‘ఈ వైరింగు కాస్త చూడు’ అంటే వస్తాడు, పనిచేస్తాడు, ఇంకో బల్బు దగ్గర పాత మాట మళ్లీ పైకి వస్తుంది. మూడోది కష్టం, కానీ త్వరగా తెములుతుంది. అందరి ముందూ అన్నందుకు క్షమాపణ చెప్పండి, బల్బులు తీసినందుకు చెప్పనక్కరలేదు. ‘నలుగురిలో అనడం నాదే తప్పు. ముందు బల్బులు ఎందుకు కుదరలేదో తెలిసింది, వెనకవి నువ్వు పెట్టిందే సరి అని కూడా తెలిసింది. వోల్టేజి ఎక్కడ పోతోందో కొలవాలి, నాకు మీటరు పట్టుకోవడం రాదు’ అంటే చాలు. తల్లి ద్వారా కబురు పంపకండి, మీరే ఫోను చేయండి. అతను కూడా అడగకుండా చేశాడు, అది తప్పే. అయితే ఆ మాట అతని నోటి నుంచి రానివ్వండి, మీరు అందించవద్దు. వోల్టేజి పరీక్ష ఇద్దరు మనుషుల పని, ఒకరు యాక్సిలరేటరు మీద, ఒకరు దీపం దగ్గర. కొలతలు కాగితం మీద రాసి బావగారికి పంపించండి. అంకెలను గౌరవించే మనిషిలా కనిపిస్తున్నారు, ఆయనా మెత్తబడవచ్చు.

పెళ్లికి చెన్నై నుంచి నెల్లూరుకు కారును రాత్రి తీసుకెళ్లవలసిన పనేమీ లేదు. దూరం 175 కిలోమీటర్ల లోపే. పెళ్లికి రెండు రోజుల ముందు తెల్లవారాక బయలుదేరితే, గూడూరులో ఆగి కాఫీ తాగినా, హెరాల్డు నడకకు కూడా భోజనాల వేళకు చేరిపోతారు. మీ శ్రీమతి అభ్యంతరం అక్కడితో తీరుతుంది. రాత్రి ముహూర్తమైతే విడిది నుంచి మండపానికి ఊరి వీధిదీపాల కింద నాలుగు వీధులు, దానికి 42/36 టంగ్‌స్టనే చాలు, ఫొటోలలో ఆ పసుపు వెలుగే అందంగా పడుతుంది. బయలుదేరే ముందు సాయంత్రం గోడకు ఏడున్నర మీటర్ల దూరంలో కారు నిలిపి, హెడ్‌లైటు మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో గోడ మీద సుద్దతో గీసి, డిప్పు వేస్తే వెలుగు పైఅంచు ఆ గీతకు ఏడెనిమిది సెంటీమీటర్లు కిందికి పడేలా స్క్రూలు సరిచేయించండి. వెనక సీట్లో మనుషులు కూర్చున్నప్పుడే చేయించాలి, ఖాళీ కారుకు చేయిస్తే పెళ్లివాళ్లు ఎక్కగానే ముక్కు పైకి లేస్తుంది.

కారుకు సీరియల్ దీపాలు చుట్టాలని మేనల్లుళ్లు ఎవరైనా అంటే వద్దనకండి, కానీ వాటికి డిక్కీలో వేరే బ్యాటరీ పెట్టించండి. ఈ డైనమో ఆ భారం మోయదు. గ్లోవ్ బాక్సులో 380 రెండు, 382 రెండు, 987 ఒకటి, ఒక హెడ్‌లైటు బల్బు గుడ్డలో చుట్టి పెట్టుకోండి. నెల్లూరులో అర్ధరాత్రి ఎడమ డిప్పు ప్రీ ఫోకస్ బల్బు అడిగితే ఏ దుకాణం వాడూ షట్టరు తీయడు.